టీవీ, రిసీవర్, డీటీహెచ్, మీడియా పీసీ అన్నిటికీ ఒకే రిమోట్ కావాలి, వాడేది మా అమ్మ

తెనాలి_టపా
విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. తెనాలిలో మా ఇంటి హాల్లో ఒక ఎల్ఈడీ టీవీ, యమహా 5.1 రిసీవర్ (స్పీకర్లకి సౌండ్ ఇచ్చే పెట్టె), డీటీహెచ్ బాక్సు, ఒక మినీ పీసీ ఉన్నాయి. పీసీలో విండోస్ 11, దాని మీద కోడి అనే వీడియోలు చూసే సాఫ్ట్‌వేర్. అంటే మూడు రిమోట్లు, పీసీకి టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న కీబోర్డు.

నేను ఉండేది బెంగళూరులో. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. 68 ఏళ్లు, పోయినేడు శుక్లాల ఆపరేషన్ అయింది. నాన్న పోయాక ఆయన బీరువాలో దాచిన వీడియో క్యాసెట్లన్నీ నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఇంట్లో పెళ్లిళ్లు, నాన్న వేషం వేసిన పద్యనాటకాలు నాలుగు, అక్క అన్నప్రాశన. అవి అమ్మ చూసుకోవాలనే ఈ పీసీ పెట్టింది.

రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్. "ఒరే, బొమ్మ వస్తోంది, మాట రావట్లేదు." లేకపోతే "మాట వస్తోంది, బొమ్మ నీలంగా అయిపోయింది." నేను వీడియో కాల్‌లో "ఆ నల్ల రిమోట్ తీసుకోమ్మా" అంటాను. అన్నీ నల్లవే. ఒక్కోసారి ఇరవై నిమిషాలు పట్టేది. పోయిన వారం ఫోన్లు ఆగిపోయాయి. అలవాటు పడిందనుకున్నాను. అడిగితే "నీకెందుకురా ఇబ్బంది, ఊరికే టీవీయే చూస్తున్నాలే" అంది. ఆ మాట రెండు రోజులుగా బుర్రలోంచి పోవట్లేదు.

ఐదు వేల లోపు ఒక్క రిమోట్ చెప్పండి. దసరాకి ఊరెళ్తున్నాను, అప్పటికి అన్నీ కొనుక్కుని వెళ్లాలి.

సోఫా_మూల
లాజిటెక్ హార్మొనీ. ఇంకేమీ చూడకండి. మా ఇంట్లో 2017 నుంచి ఉంది. "సినిమా" అని ఒక బటన్ నొక్కితే టీవీ, రిసీవర్ ఆన్ అయి, ఇన్‌పుట్లు వాటంతటవే మారిపోతాయి. మా నాలుగేళ్ల పాప కూడా వాడుతుంది.

డాలస్_డాబా
సోఫా_మూల గారు చెప్పింది మంచి రిమోటే, కాదనను. కానీ 2021 ఏప్రిల్‌లో లాజిటెక్ హార్మొనీ తయారీ ఆపేసినట్టు ప్రకటించింది. ఇప్పుడు దొరికేవి మిగిలిపోయిన సరుకో, వాడినవో. పైగా సెట్టింగులు మార్చాలంటే వాళ్ల సర్వర్‌కి వెళ్లాలి. అది ఉన్నన్నాళ్లే. ఉన్నవాళ్లు హాయిగా వాడుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, అదీ దూరాన ఉన్న అమ్మకోసం అంటే, నేనైతే వద్దంటాను.

సోఫా_మూల
సర్వర్ నాకు ఇప్పటికీ పనిచేస్తోంది. కానీ మీరు చెప్పిన రెండో మాట నిజమే. రిమోట్ పాడైతే ఇంకోటి వెతుక్కోవడం కష్టం.

కాకినాడ_కాజా
ఇంత ఖర్చెందుకు? టీవీలో, రిసీవర్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేయండి, అంటే హెచ్‌డీఎంఐ తీగలోంచే వస్తువులు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే ఏర్పాటు. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, సెట్టింగుల్లో వెతకాలి. ఆ తర్వాత టీవీ రిమోట్‌తోనే అన్నీ నడుస్తాయి. మా ఇంట్లో ఫైర్ స్టిక్, సౌండ్‌బార్ అలాగే నడుస్తున్నాయి.

లినక్స్_లోగిలి
కాజా గారూ, స్టిక్‌కి వస్తుంది, పీసీకి రాదు. సీఈసీ సిగ్నల్ హెచ్‌డీఎంఐలో 13వ పిన్ మీద నడుస్తుంది. మామూలు పీసీల గ్రాఫిక్స్‌లో ఆ పిన్ సంగతి పట్టించుకునే ఏర్పాటు సాధారణంగా ఉండదు. పల్స్ ఎయిట్ వాళ్ల యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ మధ్యలో పెడితే కోడి దాన్ని నేరుగా గుర్తిస్తుంది, కానీ మన దగ్గర తెప్పించుకోవాలంటే ఖర్చు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో అయితే సీఈసీ పుట్టుకతోనే ఉంది. ఆ బోర్డు మీద లిబ్రెఎలెక్ (కోడి నడపడానికే చేసిన సిస్టమ్) వేస్తే టీవీ రిమోట్ బాణాలతో కోడి నడుస్తుంది, ఒక్క రూపాయి అదనంగా అక్కర్లేదు. పీసీ మార్చే వీలుంటే అదే నా ఓటు.

తెనాలి_టపా
పీసీ మార్చలేను లోగిలి గారూ. అదే పీసీకి కెమెరా పెట్టి ఆదివారాలు అక్క అమెరికా నుంచి వీడియో కాల్ చేస్తుంది. విండోస్ ఉండాలి.

ఎర్రదీపం
ముందు ఒక విషయం తేల్చుకుందాం. మీ దగ్గర మూడు వస్తువులు రిమోట్ పంపే పరారుణ కిరణాలు (ఐఆర్) అర్థం చేసుకుంటాయి: టీవీ, రిసీవర్, డీటీహెచ్. నాలుగోది, పీసీ, చేసుకోదు. నక్ అనే పాత ఇంటెల్ మినీ పీసీలు కొన్నిటిలో ముందువైపు సెన్సర్ ఉండేది, మీదాంట్లో లేదనుకుంటాను. కాబట్టి ఎంత ఖరీదైన యూనివర్సల్ రిమోట్ కొన్నా పీసీకి చెవి పెట్టనిదే అది వినదు.

ఆ చెవి పేరు ఫ్లిర్క్. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, యూఎస్‌బీలో గుచ్చాలి. మీ ఇంట్లో ఏ రిమోట్ అయినా తీసుకుని, దాని సాఫ్ట్‌వేర్‌లో "ఈ బటన్ నొక్కితే పై బాణం, ఇది ఎంటర్, ఇది బ్యాక్‌స్పేస్" అని నేర్పిస్తారు. ఆ తర్వాత పీసీకి అది మామూలు కీబోర్డులాగే కనిపిస్తుంది. నేర్చుకున్నదంతా ఆ పుల్లలోనే ఉంటుంది కాబట్టి విండోస్ మళ్లీ వేసినా పోదు, డ్రైవర్ అక్కర్లేదు.

చాలా రిమోట్లు 38 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపుతాయి. సోనీ వాళ్లది 40, ఫిలిప్స్ ఆర్‌సీ6 అయితే 36. ఫ్లిర్క్ వీటిలో దాదాపు అన్నిటినీ వింటుంది.

హరిత_హెచ్‌డీ
ఫ్లిర్క్ పెడితే టీవీని కూడా అదే ఆన్ చేస్తుందా? అలాగైతే నేనూ కొంటాను.

ఎర్రదీపం
చేయదు. అది వినడానికే, పంపడానికి కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. టీవీని ఆన్ చేయాల్సింది మీ చేతిలోని రిమోటే.

కోఠి_కుర్రాడు
ఫ్లిర్క్ ధర చూసి నేను సొంతంగా చేసుకున్నా. కోఠి గుజరాతీ గల్లీలో ఒక ఆర్డుయినో ప్రో మైక్రో బోర్డు, మూడు కాళ్ల టీఎస్‌ఓపీ 1738 సెన్సర్ తెచ్చాను. బోర్డులో 32యూ4 చిప్ ఉంటే చాలు, అది పీసీకి కీబోర్డులా కనబడుతుంది. ఐఆర్‌రిమోట్ లైబ్రరీ వేసి, ఒక్కో కోడ్‌కి ఒక్కో కీ రాసుకోవాలి. వైర్లతో కలిపి ఐదొందలు దాటలేదు. సెన్సర్‌కి పొడుగు వైరు పెట్టుకోవచ్చు కాబట్టి పీసీని టీవీ యూనిట్ లోపల దాచేశా, సెన్సర్ ఒక్కటే బయటకు కనిపిస్తుంది.

తెనాలి_టపా
సోల్డరింగ్ నాకు రాదు తమ్ముడూ. నేర్చుకోవచ్చు గానీ అది అమ్మ దగ్గర ఊడిపోతే బాగుచేసేవాళ్లు లేరు.

నెల్లూరు_నెట్
ఫోన్ ఉందిగా. కోడికి కోర్ అని యాప్ ఉంది, ఉచితం. రెడ్‌మీ ఫోన్లలో చాలావాటికి ఐఆర్ కూడా ఉంటుంది, టీవీ, రిసీవర్ రెండూ ఫోన్‌లోంచే. అసలు రిమోటే వద్దు.

పాత_రేడియో
నాకు 71. ఈ చర్చ మొత్తంలో ముసలివాణ్ని నేనే అనుకుంటాను, అందుకే రాస్తున్నాను. ఫోన్ మాత్రం వద్దు నాయనా. రిమోట్ చేతిలో ఉంటే కళ్లు టీవీ మీద ఉంటాయి, బొటనవేలు దారి వెతుక్కుంటుంది. ఫోన్ అయితే కళ్లద్దాలు పెట్టుకోవాలి, లాక్ తీయాలి, యాప్ వెతకాలి, ఈలోగా ఎవరో ఫోన్ చేస్తారు. శుక్లాల ఆపరేషన్ అయిన మనిషికి దగ్గర చూపుకు అద్దాలు మార్చుకోవాల్సి వస్తుంది. నాకూ అయింది, తెలుసు.

ఇంకో మాట. "నాలుగేళ్ల పాప కూడా వాడుతుంది" అని పైన ఎవరో అన్నారు. పాప తప్పు నొక్కినా భయపడదు, మళ్లీ నొక్కుతుంది. మాకు అలా కాదు. ఏదో పాడుచేశామని, పిల్లలకు పని పెట్టామని అనిపిస్తుంది. ఆవిడ ఫోన్ చేయడం మానేసింది అందుకే.

సోఫా_మూల
మీరన్నది కరెక్ట్ సార్. నేను అలా ఆలోచించలేదు.

వానపిట్ట
మా అత్తగారికి నేను చేసిన పని చెప్తాను. రిమోట్‌లో ఆవిడకి కావలసినవి ఐదే బటన్లు. వాటి మీద స్టిక్కర్ బొట్లు అంటించాను. ఆన్‌కి ఎర్రది పెద్దది, సౌండ్‌కి రెండు చిన్నవి, ఛానల్‌కి మెరుపువి రెండు. వేలికి తగులుతాయి, చీకట్లో కూడా తెలుస్తుంది. రెండు నెలలకోసారి మార్చాలి, అంతే. మిగతా బటన్ల మీద నల్ల ఇన్సులేషన్ టేపు.

తెనాలి_టపా
బొట్ల ఐడియా ఖాయం చేసేశా.

హరిత_హెచ్‌డీ
మా మామగారికి నేను డీటీహెచ్ రిమోట్‌నే రెండిటికీ వాడే ఏర్పాటు చేయాలనుకుంటున్నా. ఆయన చేతికి అలవాటైనది అదొక్కటే. ఫ్లిర్క్‌కి ఆ రిమోట్ బాణాలే నేర్పిస్తే?

ఎర్రదీపం
బాణం నొక్కగానే డీటీహెచ్ బాక్సూ కదులుతుంది, పీసీ కూడా కదులుతుంది. రెండూ ఒకే కోడ్ వింటాయి కదా.

హరిత_హెచ్‌డీ
కదిలితే ఏమైంది? తెర మీద ఉన్నది ఒకటే. కనబడనిది ఎటు పోతే ఏం?

ఎర్రదీపం
కనబడనిదే తర్వాత కనబడుతుంది. పీసీలో గంట సినిమా చూసి డీటీహెచ్‌కి తిరిగి వస్తే, అక్కడ ఏదో మెనూ తెరుచుకుని, ఛానల్ లాక్ పాస్‌వర్డ్ అడుగుతూ ఉంటుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. పిన్ తప్పు కొట్టీ కొట్టీ ఆ స్క్రీన్‌లోనే ఇరుక్కుపోయింది.

హరిత_హెచ్‌డీ
అయితే ఇంకో దారి. రెండేళ్ల క్రితం మేము డీటీహెచ్ కంపెనీ మార్చాం. పాత బాక్సు ఎప్పుడో పోయింది, రిమోట్ డ్రాయర్‌లో ఉంది. దాని కోడ్లు ఇంట్లో ఇంకెవరూ వినరు. దాన్ని ఫ్లిర్క్‌కి నేర్పిస్తే గొడవే ఉండదుగా?

ఎర్రదీపం
శభాష్. అదే సరైన పద్ధతి. ఇంట్లో లేని వస్తువు రిమోట్ ఏదైనా పీసీకి పనికొస్తుంది. కొనాల్సిన పని కూడా లేదు.

డాలస్_డాబా
విండోస్ మీడియా సెంటర్ రోజుల్లో మధ్యలో పచ్చ బటన్ ఉన్న రిమోట్ వచ్చేది, గుర్తుందా? 2015లో విండోస్ 10తో మీడియా సెంటర్ పోయింది. ఆ రిమోట్లు ఇంకా ఎవరి అటక మీదైనా ఉంటాయి. వాటి రిసీవర్ పుల్ల దొరికితే విండోస్ 11లో కూడా కీలు పనిచేస్తాయి. నా దగ్గర పనిచేస్తోంది.

తెనాలి_టపా
హరిత గారు చెప్పింది బాగుంది, కానీ అప్పుడు రిమోట్లు రెండవుతాయి. నాకు ఒక్కటే కావాలి కదా. సోఫాబేటన్ యూ1 అని ఒకటి చూశాను. ఐఆర్, బ్లూటూత్ రెండూ ఉన్నాయి, ఫోన్‌లోంచి సెట్ చేసుకోవచ్చు. ఎవరైనా వాడారా?

నెల్లూరు_నెట్
నేను వాడుతున్నా. బాగుంది. ఒక్కటే తిరకాసు: ఏ వస్తువును నడపాలో పైనున్న చక్రం తిప్పి చిన్న తెర మీద ఎంచుకోవాలి. నాకు అలవాటైంది. ఆ తెర మీద అక్షరాలు మాత్రం చిన్నవే.

పాత_రేడియో
అదే సమస్య. రిమోట్ ఒకటే, కానీ అది ఇప్పుడు టీవీ రిమోటా, పీసీ రిమోటా అని ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి. చక్రం తప్పు చోట ఉంటే బటన్లన్నీ చచ్చినట్టే. అప్పుడు ఫోన్ మళ్లీ బెంగళూరుకే.

మీ అమ్మగారి సాయంత్రంలో ఉన్నవి రెండు పనులు. ఒకటి సీరియళ్లు, వార్తలు. రెండోది మీ నాన్నగారి వీడియోలు. ఒక్కో పనికి ఒక్కో రిమోట్ ఇవ్వండి. కానీ ఏ రిమోట్ పట్టుకుంటే ఆ పని మొదటి నుంచి చివరి దాకా దానితోనే అయిపోవాలి. ఆన్ చేయడం, సౌండ్ పెంచడం, ఆపడం, అన్నీ. పని మధ్యలో ఇంకో రిమోట్ కోసం చెయ్యి చాపకూడదు. ఇప్పుడున్న తిప్పలన్నీ ఆ చెయ్యి చాపడంలోనే ఉన్నాయి.

తెనాలి_టపా
సార్, ఇది నాకు అసలు తట్టలేదు.

కాకినాడ_కాజా
నాకూ. కానీ ఇన్‌పుట్ ఎవరు మారుస్తారు?

ఎర్రదీపం
రిసీవర్. డీటీహెచ్, పీసీ రెండిటినీ రిసీవర్‌లోకే పెట్టండి. రిసీవర్ నుంచి టీవీకి ఒకే ఒక్క తీగ, టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉండే హెచ్‌డీఎంఐ పోర్టులోకి. అప్పుడు టీవీ ఇన్‌పుట్ జన్మలో మార్చక్కర్లేదు, "నీలం తెర" బాధ పోతుంది. కాజా గారు చెప్పిన సీఈసీ ఇక్కడ పనికొస్తుంది. టీవీకీ రిసీవర్‌కీ మధ్య ఆన్ చేసి పెడితే, టీవీ ఆన్ చేయగానే రిసీవర్ లేస్తుంది, ఆపితే పడుకుంటుంది.

మీది యమహా అన్నారు. రిమోట్ మీద సీన్ అని నాలుగు బటన్లు ఉంటాయి, చూడండి. ఒక్కో సీన్‌కి ఒక ఇన్‌పుట్ గుర్తుపెట్టించొచ్చు. రిసీవర్ స్టాండ్‌బైలో ఉన్నా సీన్ నొక్కితే లేచి నేరుగా ఆ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. సీన్ 1 డీటీహెచ్, సీన్ 2 పీసీ. ఈ రెండు కోడ్లూ వేరే రిమోట్‌కి నేర్పిస్తే సరి. మాక్రోలు (ఒక్క బటన్‌తో వరసగా చాలా ఆదేశాలు పంపడం) అక్కర్లేదు.

మాక్రోల మీద నాకు నమ్మకం తక్కువ, ఎందుకంటే చాలా టీవీల్లో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే కోడ్. ఏదో కారణంగా టీవీ ముందే ఆన్‌లో ఉంటే మాక్రో దాన్ని ఆపేస్తుంది. అక్కడి నుంచి అన్నీ తలకిందులు.

ప్లగ్_పాయింట్
ఎవరూ కరెంటు సంగతి అడగలేదు. తెనాలిలో కరెంటు పోయి వస్తే మీ పీసీ ఏం చేస్తుంది? చాలావరకు ఆఫ్ అయ్యే ఉండిపోతుంది. అప్పుడు ఎన్ని రిమోట్లున్నా లాభం లేదు. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే పీసీ సెట్టింగుల్లో) "కరెంటు వచ్చాక ఆన్ అవ్వు" అనే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి. విండోస్ పాస్‌వర్డ్ అడక్కుండా, కోడి తనంతట తాను తెరుచుకునేలా కూడా చేయాలి.

కోఠి_కుర్రాడు
స్లీప్‌లోంచి రిమోట్‌తో లేపాలంటే బయాస్‌లో ఈఆర్‌పీ అనే కరెంటు ఆదా సెట్టింగ్ ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే పీసీ పడుకోగానే యూఎస్‌బీకి కరెంటు ఆగిపోయే అవకాశం ఉంది. డివైస్ మేనేజర్‌లో కూడా "ఈ డివైస్ కంప్యూటర్‌ను లేపవచ్చు" అన్నదానికి టిక్ పెట్టాలి.

ప్లగ్_పాయింట్
పడుకోబెట్టడం ఎందుకు? మా మినీ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు మీటర్ పెట్టి చూశా, 10 వాట్లు. నెలంతా ఆన్‌లో వదిలేసినా 7 యూనిట్ల పైచిలుకు. అమ్మ కోసం ఆ మాత్రం వదిలేయండి.

హరిత_హెచ్‌డీ
వదిలేస్తే ఇంకో గొడవ వస్తుంది, నాకు వచ్చింది. రిసీవర్ ఆఫ్‌లో ఉండగా పీసీ ఆన్‌లో ఉంటే, పీసీకి ఎదురుగా టీవీ లేనట్టే లెక్క. విండోస్ సౌండ్‌ని ఇంకెటో మార్చేస్తుంది. తర్వాత రిసీవర్ ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, మాట రాదు. టపా గారూ, మీ అమ్మగారి మొదటి ఫిర్యాదు ఇదే కావచ్చు. పీసీకీ రిసీవర్‌కీ మధ్య ఈడీఐడీ ఎమ్యులేటర్ అని చిన్న హెచ్‌డీఎంఐ ముక్క పెట్టాలి. టీవీ ఎప్పుడూ ఎదురుగా ఉన్నట్టే పీసీని నమ్మిస్తుంది. అది పెట్టాక నాకు మళ్లీ రాలేదు.

తెనాలి_టపా
హరిత గారూ, ఇది చదివి లేచి నిలబడ్డాను. ఇన్నాళ్లూ అమ్మ ఏదో తప్పు నొక్కుతోందనుకున్నాను. ఒకట్రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

వానపిట్ట
ఊరెళ్లాక ఆ మాట ఆవిడకి చెప్పండి. తప్పు ఆవిడది కాదని.

తెనాలి_టపా
దసరా అయింది, నిన్న బెంగళూరు తిరిగొచ్చాను. ఏం చేశానో వివరంగా రాస్తున్నాను, ఇలాంటి ఇల్లే ఇంకెవరికైనా ఉంటే పనికొస్తుంది.

తీగలన్నీ రిసీవర్‌లోకి మార్చాను. టీవీ ఒకే ఇన్‌పుట్ మీద ఉండిపోయింది. సీఈసీ ఆన్. పీసీకి ఈడీఐడీ ముక్క, ఫ్లిర్క్ పెట్టాను. బయాస్‌లో ప్లగ్_పాయింట్ గారి సెట్టింగ్ పెట్టి, మెయిన్ స్విచ్ మూడుసార్లు ఆపి వేసి చూశాను. మూడుసార్లూ పీసీ లేచి కోడి దాకా వచ్చింది.

మొదటిది డీటీహెచ్ రిమోట్. దాంట్లో టీవీ కోసం నేర్పించుకునే బటన్లు ఐదు ఉన్నాయి, ఇన్నేళ్లూ ఎవరూ ముట్టుకోలేదు. పవర్‌కి టీవీ పవర్, సౌండ్ బటన్లకి రిసీవర్ సౌండ్, సోర్స్ బటన్‌కి సీన్ 1 నేర్పించాను.

రెండోది నాలుగొందలు పెట్టి కొన్న తెల్ల లెర్నింగ్ రిమోట్ (వేరే రిమోట్ల కోడ్లు నేర్చుకునేది), పెద్ద బటన్లది. పవర్, సౌండ్ అదే పద్ధతి. ఒక బటన్‌కి సీన్ 2. బాణాలు, ఓకే, వెనక్కి, అంకెలు మాత్రం పక్కింటివాళ్ల దగ్గర పడున్న పాత డీటీహెచ్ రిమోట్ నుంచి ఎక్కించాను, అవే ఫ్లిర్క్‌కి నేర్పించాను.

నేర్పించడం మొదటిరోజు కుదరలేదు. ఒకసారి నొక్కితే బాణం రెండు గడులు దూకేది. ఎర్రదీపం గారికి మెసేజ్ పెడితే హాల్లో ట్యూబ్‌లైట్ ఆపి, రెండు రిమోట్లూ రెండంగుళాల దూరంలో ఎదురెదురుగా పెట్టి, బటన్ నొక్కి పట్టుకోకుండా టక్కున వదలమన్నారు. అలా చేస్తే కుదిరింది.

కోడిలో ఇంకో పని చేశాను. ఏ బటన్ ఏం చేయాలో రాసే కీమ్యాప్ ఫైలులో అంకెలకి ఫోల్డర్లు కట్టాను. 1 నొక్కితే నాన్న నాటకాలు, 2 పెళ్లిళ్లు, 3 పిల్లలవి. ఒక్కో ఫోల్డర్‌లో ఫోల్డర్ డాట్ జేపీజీ అనే పేరుతో ఒక ఫోటో పెడితే అదే బొమ్మగా కనిపిస్తుంది. నాటకాలకి నాన్న కిరీటంతో ఉన్న ఫోటో పెట్టాను.

కోఠి_కుర్రాడు
ఆ కీమ్యాప్ లైన్ ఒకటి ఇక్కడ పెట్టవా అన్నా?

తెనాలి_టపా
నీకు మెసేజ్‌లో పంపాను తమ్ముడూ. యాక్టివేట్ విండో అనే ఆదేశంలో వీడియోస్ అని, తర్వాత ఫోల్డర్ దారి, చివర రిటర్న్ అని రాయాలి. ఆ రిటర్న్ మర్చిపోతే వెనక్కి బటన్ ఇంకెక్కడికో తీసుకెళ్తుంది. నేను ఒక పూట అక్కడే కూర్చున్నాను.

సోఫా_మూల
అమ్మగారు ఏమన్నారు?

తెనాలి_టపా
నల్లదాన్ని "టీవీది" అంటోంది. తెల్లదానికి పేరు నేను పెట్టలేదు. మొదటి రోజే "మీ నాన్నది" అంది. స్టిక్కర్ బొట్లు తనే ఎంచి అంటించింది. 1 మీద పెద్ద కుంకుమరంగు బొట్టు పెట్టింది.

వానపిట్ట చెప్పినట్టు, మాట రాకపోవడం తన తప్పు కాదని చెప్పాను. "నేనెప్పుడో అనుకున్నా, నేనేం ముట్టుకోలేదని చెప్తూనే ఉన్నా కదరా" అంది.

పాత_రేడియో
నాటకాలు ఏవి? పేర్లు చెప్పగలరా?

తెనాలి_టపా
రెండు రాయబారం సీన్లు సార్, నాన్న కృష్ణుడు. ఒకటి హరిశ్చంద్ర కాటి సీను. ఇంకోటి సగమే ఉంది, టేపు బూజు పట్టింది.

పాత_రేడియో
బూజు పట్టిన క్యాసెట్‌ని ప్లేయర్‌లో పెట్టకండి, ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది. టేపు శుభ్రం చేసేవాళ్లకి ఇవ్వండి. రాయబారం ఎప్పుడైనా కుదిరితే నాకూ వినిపించండి.

తెనాలి_టపా
తప్పకుండా సార్. వచ్చే నెల ఆ క్యాసెట్ నాతో తెచ్చుకుంటాను.

ఇందాకే ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. నెంబర్ చూడగానే గుండె జారింది, మళ్లీ ఏదో ఆగిపోయిందని. కాదు. "ఒరే, పద్యం మధ్యలో కుక్కర్ కూసింది, మాట వినపడలేదు. కొంచెం వెనక్కి వెళ్లాలంటే ఏది నొక్కాలి?" అని. నాకు వెంటనే తట్టలేదు. ఏది నొక్కాలి?

ఎర్రదీపం
సినిమా నడుస్తుండగా ఎడమ బాణం ఒక్కసారి. సెట్టింగ్ మార్చకపోతే 10 సెకన్లు వెనక్కి వెళ్తుంది.

తెనాలి_టపా
చెప్పాను. ఫోన్ పెట్టకుండా నొక్కింది. నాన్న గొంతు ఇక్కడిదాకా వినిపించింది.